పచ్చరాయిలో సాలెగూడు

సిరిసిల్ల సమ్మె ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిన్నప్పటి నుంచి విజయ్ నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాడని విని, కోరుట్ల జోహరా బీ తన మెడలోని యశబ్ అనే పచ్చరాయిని తీసి ఇచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఆ కుర్రవాడి మెడలో కట్టి వచ్చింది ఆమె చిన్న కోడలు ఫర్హత్. ఆ తర్వాతే సిరిసిల్ల బయట మలుపులో ఒక జీపు తగలబడింది. డ్రైవరు చేతులు కాలి కరీంనగర్ ఆసుపత్రిలో చేరాడు. అనుమానం మీద విజయ్‌ను పట్టుకుపోతే, అతని తల్లి, నూలుకు రంగులద్దే కొమురవ్వ, ఠాణా మెట్ల మీద నిలబడి, నా కొడుకు ఆ పొద్దు ఇల్లు కదలలేదని చెప్పింది. ఆ మాట మీదే వదిలేశారు. కుర్రవాడు కుదుటపడ్డాడు, రాయి కోరుట్లకు తిరిగి వచ్చింది. ఇక అంతా సర్దుకుందని అనుకుంటుండగా జోహరా బీ ఆ రాయిని గుండెల మీద పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది నాది గాదు" అంది.

*

గుండె దడకు యశబ్ కట్టుకోవడం జోహరా బీకి పుట్టింటి నుంచి వచ్చిన వాడుక. ఆ బిళ్ళను హౌల్‌దిల్ అంటారు. రేగుపండంత వెడల్పు, పైన ఒక బెజ్జం, బెజ్జంలో నల్లదారం, అంతే. ముక్కుపుడక రాయిలా తళుక్కుమనదు. నానబెట్టిన పెసరపప్పు రంగులో, మంచు కమ్మిన పొద్దున చూసిన వరిమడిలా మసకగా ఉంటుంది. అది గుండెకు చల్లగా ఆనుకుని ఉంటే బెదురు దిగుతుందని నమ్మకం. తొలిచూలు కాన్పుకు భయపడే పిల్లకైనా, కాళ్ళ మీదుగా పాము పోయిన రైతుకైనా జోహరా బీ దాన్ని మెడలోంచి తీసి ఇచ్చేది. ఎవరు ఏమిటని అడిగింది లేదు. చెప్పేది ఒక్కటే మాట: "భయం తగ్గినంక తెచ్చియ్యి."

తెచ్చి ఇవ్వనివాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆ పొద్దున ఆమె వరండాలో మంచం మీద కూర్చుని రాయిని అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తోంది. రాత్రంతా నిద్ర లేక కళ్ళు లోతుకు పోయాయి.

"చూడు దుల్హన్," అంది కోడలితో. "నా రాయి మొదలు జివ్వుమంటది. బాయిల చేద దించినట్టు గుండెల దిగుతది. ఇది ఊకె పండుకున్నది. నాతోని మాట్లాడ్తలేదు."

"కొత్తగ అచ్చింది కద అమ్మీ. నాలుగు దినాలు పోతే మాట్లాడ్తదేమో," అంది ఫర్హత్.

"ఇంటి బర్రె పక్కూరికి పోయస్తే అరుపు మరుస్తదా?"

పెద్ద కొడుకు అఫ్సర్ దూది మూటలను ట్రాలీ ఆటోలోకి ఎత్తుతూ ఆగాడు. పరుపులు కుట్టే దుకాణం అతనిది. ఎప్పుడు చూసినా కనుబొమల మీద దూది పోగులు అంటుకుని, ముసలితనం ముందే వచ్చినట్టు కనిపిస్తాడు.

"మాట్లాడుడు పక్కకు వెట్టు అమ్మీ, రంగు చూడు. సిరిసిల్ల చీర అంచు లెక్క మెరుస్తున్నది. అసలుది ఆళ్ళింట్ల పడ్డది. మనకు బజారు రాయి అంటగట్టిండ్రు."

"కొమురవ్వ చిన్నమ్మ గట్ల చెయ్యది భాయ్‌జాన్."

"గరీబోళ్ళకు మంచి వస్తువు చేతికస్తే..."

"మనమేమన్న నవాబులమా?"

జోహరా బీ పెదవి చివర నవ్వు మెదిలి ఆరిపోయింది. అఫ్సర్‌కు నవ్వు రాలేదు. ఆ రోజే సిరిసిల్ల పోతానని, సమ్మె టెంటు దగ్గర నలుగురి ముందు అడుగుతానని అన్నాడు. ఫర్హత్ కాన్పు కష్టమై పడుకున్నప్పుడు, భర్త సౌదీలో, దమ్మాంలో ఉండి రాలేనప్పుడు, చుట్టం కాకపోయినా సిరిసిల్ల నుంచి వచ్చి చిల్లా నలభై రోజులు గడిచేదాకా పక్కలో చాప వేసుకుని పడుకున్న మనిషి కొమురవ్వ. అట్లాంటి మనిషిని టెంటు ముందు నిలబెట్టి దొంగ అంటే, మాట వెనక్కి తీసుకున్నా మచ్చ వెనక్కి రాదు.

"నాదే పూచీ అని నేను జమానత్ ఉండి తీస్కపోయిన రాయి," అంది ఫర్హత్. "ముందుగాల జగిత్యాలల రాళ్ళమ్మే మా ఖాదర్ మామూకు చూపిద్దాం. ఆయన బదిలి రాయి అంటే కొమురవ్వ చిన్నమ్మను నేనే అడుగుత. అందాక మీరు నోరిప్పద్దు."

జోహరా బీ చాలాసేపు రాయి వైపే చూసింది. చివరికి దాన్ని కోడలి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది.

"ఖాదర్ ఏది చెప్తే గదే. కాని బదిలాయించిందని తేలితే మాత్రం ఆ ఇంటి గడప మళ్ళ తొక్కేది లేదు. నువ్వు గూడ."

*

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులకు తాళాలు పడ్డాయి. కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. అఫ్సర్ ఎట్లాగూ జగిత్యాలలో మూటలు దించాలి కనుక ఫర్హత్ వెనక దూది మీద కూర్చుంది. కూర్చుంటే మెత్తగా నడుము దాకా దిగిపోయింది. బురఖా మీద తెల్లని పోగులు వాలుతున్నాయి. ఆటో కదులుతుంటే తాను కదలడం లేదని, రెండు పక్కలా పసుపు చేలే ఎవరో లాగుతున్నట్టు వెనక్కి జారిపోతున్నాయని అనిపించింది.

పసుపు ఆకు మనిషి ఎత్తు పెరిగి ఉంది. గాలికి ఒక్కసారే తల వంచి, వెలిసిన వైపు చూపించి, మళ్ళీ లేస్తోంది. బస్సులు లేని దారి మీద దూరంగా ఎవరో మాట్లాడుకునే మాటలు కూడా వినిపిస్తున్నాయి. గుప్పిట్లో రాయి. ఫర్హత్ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని ఎండలోకి చూసింది. పొలాలు, ఆకాశం, ముందు కూర్చున్న అఫ్సర్ వీపు, అన్నీ పచ్చని నీళ్ళ అడుగుకు దిగిపోయాయి. ఆ పచ్చదనంలో తాను చిన్నపిల్లలా తేలుతున్నట్టు, కొమురవ్వ ఒడ్డున నిలబడి పిలుస్తున్నట్టు, ఏమని పిలుస్తోందో వినబడనట్టు. ఎప్పుడు కునుకు పట్టిందో, కళ్ళు తెరిచేసరికి ఆటో ఆగి ఉంది.

రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. సమ్మెకారుల వంటా వార్పు. పెద్ద పెద్ద గిన్నెల్లో పప్పు ఉడుకుతోంది.

"పని మీద పోతున్నమమ్మా, జర జాగియ్యిండ్రి," అన్నాడు అఫ్సర్.

గరిటె పట్టుకున్న ఒకావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మేము పని లేకచ్చినమా? పని బందువెట్టుడే మా పని. దిగి తిను బిడ్డా. తెలంగాణ అచ్చినంక గూడ ఆకలైతది."

తినక తప్పలేదు. విస్తరాకులో వేడి అన్నం, పప్పు. అఫ్సర్ తలవంచుకుని గబగబా తిన్నాడు. ఫర్హత్ ఒంటి చేత్తో ముద్ద కలిపింది. ఇంతమంది ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటుంటే, తాను గుప్పిట్లో ఒక మనిషి పరువును పట్టుకుని కూర్చుంది.

*

అబ్దుల్ ఖాదర్ జగిత్యాల టవర్ దగ్గర, మూసి ఉన్న ఒక బట్టల దుకాణం అరుగు మీద ఉన్నాడు. ఉంగరాల్లో పొదిగే రాళ్ళు అమ్ముతాడు. ఫర్హత్ తల్లికి అన్న. సమ్మె అని పెట్టె మూశాడు గానీ ఇంట్లో కూర్చోలేక వచ్చి పెట్టె పక్కనే కూర్చున్నాడు.

"రా బేటా. కోరుట్లల అందరు మంచిగేనా?" అని, మేనకోడలి ముఖం చూసి, ఇంకేమీ అడగకుండా చెయ్యి చాపాడు.

రాయి అందులో పెట్టింది ఫర్హత్. అతను అరుగు దిగి ఎండలోకి నడిచాడు. "రాయినీ పెండ్లికొడుకునూ ట్యూబులైటు కింద చూడద్దు," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

ముందు దాన్ని కింది పెదవికి ఆనించుకున్నాడు. తర్వాత చిన్న చాకు మొనతో అంచు మీద గీశాడు. గీత పడలేదు.

"గాజు గాదు. రంగేసిన పాలరాయి గాదు. పాలరాయైతే గీత పడుతుండె. యశబే ఇది."

అఫ్సర్ కనుబొమలు ముడిచాడు. "యశబేనా?"

"యశబే. కాని ఆగు."

పెట్టె తెరిచి తన దగ్గరున్న మరో బిళ్ళను తీశాడు. దానికి దారం కట్టి వేలాడదీసి గోటితో కొట్టాడు. దూరపు గుడి గంటలా సన్నగా మోగి, మోత చాలాసేపు గాలిలో నిలిచింది. జోహరా బీ రాయిని అట్లాగే కట్టి కొట్టాడు. టక్కుమని, మోగకముందే ఆగిపోయింది.

"పగిలింది," అన్నాడు. "కంటికి కనవడది. లోపల పగిలింది."

ఆ తర్వాత భూతద్దం ఫర్హత్ చేతికిచ్చాడు. "మొదలు నాది చూడు. తర్వాత మీది చూడు. నేనేం చెప్ప. నువ్వే చెప్పు."

ఆమె అద్దం కంటికి పెట్టుకుంది. మామూ రాయిలో పచ్చదనం మబ్బులా ఉంది. ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా. చూస్తున్నకొద్దీ లోపలికి రమ్మంటోంది. జోహరా బీ రాయిలో మబ్బు లేదు. సాలెగూడు ఉంది. సన్నని పచ్చని గీతలు ఒకదాన్నొకటి దాటుతూ, కలుస్తూ, రాయి పైభాగమంతా అల్లుకున్నాయి. గీతల మధ్య రాయి తెల్లగా, సున్నంలా ఉంది. పచ్చదనమంతా ఆ గీతల్లోనే దాక్కుంది.

"గూడు," అంది ఫర్హత్. "సాలెపురుగు గూడు."

"గదే. పుట్టుకతోని అచ్చిన రంగు మబ్బు తీర్గుంటది బేటా. ఏసిన రంగు నీళ్ళ తీర్గ, సందు దొరికిన కాడికి ఉరుకుతది." స్పిరిట్‌లో ముంచిన దూదితో రాయిని ఒత్తి తుడిచి చూపించాడు. దూది మీద లేత ఆకుపచ్చ మరక. "రంగేసిండ్రు. అంతే."

అఫ్సర్ లేచి నిలబడ్డాడు. "ఇగ నడువు. తేలిపోయింది. బదిలాయించిండ్రు."

"తేల్చేది నువ్వా నేనా?" అన్నాడు ఖాదర్ నెమ్మదిగా. "నా పెట్టెల సగం రంగేసినయే అఫ్సర్. మందు వోసి మరకలు కడిగి, లక్క లాంటిది నింపినయి గూడ ఉన్నయి. అడిగినోళ్ళకు చెప్త, అడగనోళ్ళకు అల్లా చెప్తడు. రంగేసినంత మాత్రాన బదిలి రాయి ఐతదా? నువ్వు తలకు రంగేసుకుంటే మీ అమ్మ నిన్ను బయటికి ఎల్లగొడ్తదా?"

ఫర్హత్ భూతద్దం దించలేదు. దించితే కొమురవ్వ దొంగ అయిపోతుందేమో అన్నట్టు పట్టుకునే ఉంది. ఖాదర్ ఆమె మణికట్టును సుతారంగా పట్టుకుని అద్దాన్ని రాయి పైభాగానికి జరిపాడు.

"ఇప్పుడు బెజ్జం చూడు. దాని మూతి ఎట్లున్నది?"

"గుండ్రంగ లేదు. పైకి సాగినట్టున్నది. దారం వొరుసుకుని వొరుసుకుని అరిగినట్టు."

"యశబు అరుగుడంటే మాటలా? మీ అత్త, ఆమె అమ్మ, ఆమె అమ్మమ్మ మెడల వేసుకుంటే అరిగింది. బజారుల కొన్న రాయికి ఇసుంటి అరుగుదల ఎవ్వలు తెస్తరు? ఇంక లోపలికి చూడు. బెజ్జం లోతుల ఏ రంగున్నది?"

ఆమె రాయిని సూర్యుడి వైపు వంచింది. బెజ్జం లోపల, సున్నమూ సాలెగూడూ చేరని లోతులో, మసక మసకగా ఒక రంగు. నానబెట్టిన పెసరపప్పు రంగు. పొద్దుటి మంచులో వరిమడి.

ఫర్హత్ మెట్టు మీద కూర్చుండిపోయింది. "ఇది అమ్మీదే," అంది. "ఇది మా రాయే."

"మీదే. ఎవ్వలు బదిలాయించలే."

"మరి పైన గంత తెల్లగ ఎందుకైంది మామూ?"

ఖాదర్ రాయిని అరచేతిలో పెట్టుకుని తూచినట్టు కదిపాడు. "యశబు మంచిగున్నప్పుడు రంగు తాగది బేటా. ఎంత నానవెట్టినా తాగది. గంత గట్టి రాయి. దీపం మంటకు గూడ లొంగది. కొలిమంత మంటల వడితెనే పైపొర సున్నమై పగుల్తది. ఆ పగుళ్ళల్లకు తర్వాత రంగు దిగింది. ఈ రాయి నిప్పు చూసింది. చిన్న నిప్పు గాదు."

వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ పోతున్నారు. దాని గొలుసు చప్పుడు చాలా దూరం వినిపించింది.

అఫ్సర్ వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకున్నాడు. తాగాడు. మళ్ళీ ముంచుకున్నాడు గానీ తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "మంచిదే కద," అన్నాడు కాసేపటికి. "మన రాయే అని తెలిసె. నడువు దుల్హన్, ఇంటికి పోదాం."

"సిరిసిల్ల పోవద్దా?"

"ఎందుకు? దొంగ గాదని తెలిసె కద."

పొద్దున్నించి సిరిసిల్ల సిరిసిల్ల అని ఎగిరిన మనిషి ఇట్లా అంటుంటే, తొందరపడి నోరు జారినందుకు సిగ్గుపడుతున్నాడనుకుంది ఫర్హత్.

"రంగు ఎందుకేసిండ్రో తెల్వకుంటే అమ్మీకి ఏం చెప్పాలె భాయ్‌జాన్? దొంగతనం గాకుంటె మోసమంటరు. పొద్దుగాల మీరే అన్నరు."

"ఏ రంగో తెలిస్తే దించుడు ఎట్లనో నేను చెప్త," అన్నాడు ఖాదర్. "నూలు రంగైతే ఏసినోళ్ళకే తెలుస్తది. పోయి రాండ్రి."

అఫ్సర్ గ్లాసులోని నీళ్ళు నేల మీద పారబోశాడు.

*

మూటలు దించేశాక ఆటో తేలికైపోయి ఎగిరెగిరి పడింది. వేములవాడ దాటేదాకా అఫ్సర్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గుడి ముందు బొట్టు దుకాణాల వాళ్ళు ఈగలు తోలుకుంటున్నారు. లాడ్జీల గుమ్మాల్లో ఎవరూ లేరు. దారి పొడవునా తంగేడు పూసి ఉంది. బతుకమ్మకు కోసుకుపోయిన కొమ్మల దగ్గర పచ్చి వాసన. ఫర్హత్ రాయిని ఇప్పుడు గుప్పిట్లో పెట్టుకోలేదు, రుమాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నిప్పు చూసిన వస్తువును వట్టి చేత్తో పట్టుకోవడానికి ఎందుకో చెయ్యి రాలేదు.

కొమురవ్వ ఇంటి పొయ్యి, అనుకుంది. రంగు కాగే పొయ్యిలో జారి పడి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

సిరిసిల్లలో చప్పుడు లేదు. కరెంటు లేక మరమగ్గాల సాంచెలు ఆగిపోయాయి. ఏ గల్లీలోకి తిరిగినా చెవులు మూసుకునేంత మోత ఉండే ఊరు, ఇప్పుడు నిద్రలో మాట మధ్యలో ఆపేసిన మనిషిలా ఉంది. కొమురవ్వ వాకిట్లో మాత్రం పని నడుస్తోంది. ఆమె రంగుల తొట్టికి కరెంటు అక్కర్లేదు, కట్టెలు చాలు. వెదురు బొంగుల మీద నూలు చిలపలు ఆరేసి ఉన్నాయి. జెండాల గుడ్డ కోసం గులాబీ, చీర అంచుల కోసం ఆకుపచ్చ. వాటి కింద నుంచి వచ్చే ఎండ నేల మీద రంగులుగా పడుతోంది.

"అగో, ఫర్హతమ్మ," అంది కొమురవ్వ. మోచేతుల దాకా గులాబీ రంగు. "చెప్పకుంట అస్తివి. కూసో బిడ్డా. జోహరక్క మంచిగున్నదా? అఫ్సర్ గా బయటనే నిలవడ్డడేంది, లోపలికి రమ్మను. మా ఇంట్ల చాయ తాగితే గులాబీ అయితడని భయమా?"

అఫ్సర్ ఆటో దగ్గరే ఉన్నాడు. ఫర్హత్ రుమాలు విప్పింది.

దారిపొడవునా ఎట్లా అడగాలా అని వెతుక్కున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి. రాయిని చూడగానే కొమురవ్వ ముఖం విప్పారింది.

"రంగు నిలిచిందా? దిగుతదేమోనని భయపడ్డ."

"నువ్వే ఏసినవా చిన్నమ్మా?"

"నేనే ఏసిన. మరి ఎట్లియ్యాలె? పోరని మెడల వేసినప్పుడు గంత మంచిగుండె. ఒకనాడు చూస్తే తెల్లగ పాలిపోయింది. దారం గూడ తెగిందన్నడు. నాకు ఏడుపచ్చింది. రాయి పాపం, మావోని భయమంత తాగి తాగి తెల్లవడ్డది అనుకున్న." ఆమె తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. "మా ఇంట్ల ఒక పద్ధతున్నది బిడ్డా. పెండ్లికని ఎవ్వలన్న చీర అడిగి తెచ్చుకుంటే, వెలిసిపోయినట్టు తిరిగియ్యం. రంగుల ముంచి, గంజి వెట్టి, తెచ్చినప్పటికంటే మంచిగ జేసి ఇస్తం. నూలును ముంచినట్టే దీన్నీ ముంచిన. దొడ్డుప్పు ఏసి, చల్లారేదాక తొట్టిలనే ఉంచిన. కొత్తదారం గూడ నల్లగ జేసి కట్టిన. జోహరక్కకు చెప్తె నవ్వుతదని చెప్పలే. తప్పయిందా?"

ఫర్హత్ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచి గుండెల మీద మోస్తున్న బరువు దిగి, దాని చోట ఇంకొకటి ఎక్కడం ఆమెకు తెలుస్తూనే ఉంది. ఈ తల్లికి ఏమీ తెలియదు. రాయి భయంతో తెల్లబడిందనుకుంది. పెద్ద మంటలో పడి తెల్లబడిందని చెప్పేస్తే, జీపు తగలబడ్డ పొద్దు గురించి ఠాణా మెట్ల మీద ఆమె చెప్పిన మాట ఏమవుతుంది?

చెప్పకపోతే? ఇంటికి పోయి, వెలిసిందని రంగు వేసిందట అంటే జోహరా బీ నవ్వి ఊరుకుంటుంది. కొమురవ్వ దొంగ కాదు, మోసగత్తె కాదు. వచ్చిన పని అయిపోయింది. ఇక లేచి వెళ్ళిపోవచ్చు.

"అట్ల చూస్తవేంది?" అంది కొమురవ్వ. "కోపమచ్చిందా?"

"చిన్నమ్మా, ఈ రాయి మీ పొయ్యిల ఎప్పుడన్న పడ్డదా?" ఫర్హత్ ఆశగా అడిగింది. అవుననమని లోలోపల బతిమాలుకుంది.

"పొయ్యిలనా? తెల్లవడేదాక నా మెడల లేకపాయె, నా చేతుల లేకపాయె. విజయ్ మెడల నుంచి తీస్తే కద పొయ్యిల పడుడు. తియ్యద్దని నువ్వే చెప్పితివి. తానం జేసినా తియ్యలేదు వాడు." ఆమె గొంతు నెమ్మదించింది. "ఎందుకడుగుతున్నవ్?"

గులాబీ నీడ ఫర్హత్ ఒళ్ళోని రాయి మీద పడి కదులుతోంది. ఈమె తన పక్కలో చాప వేసుకుని పడుకున్న రాత్రుల్లో ఒక్క అబద్ధమూ ఆడలేదు. బిడ్డ బరువు తక్కువుందని కూడా దాచకుండా చెప్పింది. ఆ ముఖాన్ని చూస్తూ దాచడం ఫర్హత్ వల్ల కాలేదు.

"మా మామూ చూసిండు. రాయి భయానికి తెల్లవడలే అంటున్నడు. మంటల పడ్డది అంటున్నడు. పెద్ద మంట."

తొట్టిలో చిలపలు తిప్పే కర్ర ఒకటి గోడకు ఆనించి ఉంటే, కొమురవ్వ దాన్ని తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "మావోడు ఆ పొద్దు సాంచెల ఇంట్ల పండుకున్నడు," అంది తనకు తాను చెప్పుకున్నట్టు. "నేను ఈడ తొట్టి కాడున్న. లోపలికి పోయి చూడలే. పండుకున్నోన్ని లేపుడెందుకని చూడలే."

అప్పుడు ఆమె పిలిచింది. గట్టిగా కూడా పిలవలేదు. "విజయ్."

ఆగిన సాంచెల మధ్య నుంచి అతను వచ్చాడు. తలుపు దగ్గరే అంతా విన్నాడని ముఖమే చెబుతోంది. ఇరవై ఏళ్ళవాడు, నుదుటి మీద లాఠీ గాయం మాని తెల్లగా ఉంది. తల్లి ముందుకు వచ్చి నిలబడ్డాడు గానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఎన్నడన్న నాకు అబద్ధం చెప్పినవా బిడ్డా?" అంది కొమురవ్వ. "నేను ఠాణా ముంగట ఒట్టు వెట్టుకుని చెప్పచ్చిన. ఇల్లు కదల్లేదని చెప్పచ్చిన. ఆ పొద్దు నువ్వు ఇంట్లున్నవా?"

విజయ్ తల అడ్డంగా ఊపాడు.

కొమురవ్వ తొట్టి అంచు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. ఫర్హత్ లేచి ఆమె భుజాలు పట్టుకుంది. ఆ భుజాలు వణుకుతాయనుకుంది గానీ వణకలేదు, రాయిలా బిగుసుకున్నాయి.

"జీపుకు నిప్పువెట్టింది నేను గాదవ్వా," అన్నాడు విజయ్. "డ్రైవరు లోపలున్నడని గూడ నాకు తెల్వది. వాన్ని బయటికి గుంజెతప్పుడు దారం తెగి రాయి మంటల పడ్డది. మంట ఆరినంక బూడిదల ఎతికి తెచ్చుకున్న. పోలీసులకు నేను గుంజిన అని చెప్తే, నువ్వు ఆడికెందుకు పోయినవ్, ఎవ్వలతోని పోయినవ్ అని అడుగుదురు. చెప్తే ఇంకో ఇల్లు కూలుతుండె."

"ఎవ్వలిల్లు?" అంది ఫర్హత్.

విజయ్ ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. ఫర్హత్ తిరిగి చూసింది. అఫ్సర్ ఎప్పుడు వచ్చాడో, చిలపల అవతల నిలబడి ఉన్నాడు.

"భాయ్," అన్నాడు విజయ్. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

అఫ్సర్ వేలాడుతున్న నూలును చేత్తో పక్కకు తోసుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి తిరిగి, వీధి తలుపు మూసి, లోపలి నుంచి గడియ వేశాడు. "ఆ నిప్పు నాది," అన్నాడు తలుపు వైపే చూస్తూ.